చివరి సాలు

కరగందాలో మా సంఘానికి ఉన్నది ఒక్కటే పుస్తకం.
ఒక ఇంట్లో దొరికితే అందరికీ పోతుందని
సంఘపెద్ద కొర్నేలియస్ ఒక రాత్రి
తోలు కోసే కత్తితో దాని వెన్ను కోశాడు.
చెయ్యి వణికిందట.
ఇరవై మూడు కట్టలు, ఇరవై మూడు ఇళ్లు.

చీట్లు తీశారు.
ఫ్రీజెన్ల వాళ్లకు కాపరి పాటలు పడ్డాయి.
బొగ్గు గనిలో భర్త పోయిన తీనాకు
ఖాళీ సమాధి దగ్గరి తెల్లవారుజాము పడింది,
కోటు కింద దాచుకుని మంచులో పరుగెత్తిందట.
మా అమ్మమ్మ అగ్నేతకు మాత్రం
గుడారపు కొలతలు, బలుల లెక్కలు,
గోడకు బూజు పడితే యాజకుణ్ణి పిలవమనే చట్టం.

"ఎవరితోనైనా మార్చుకోవచ్చా?" అని అడిగింది, సిగ్గుపడుతూనే.
"అంతా ఆయన నోటి మాటే కదమ్మా" అన్నాడు కొర్నేలియస్.
అనడం తేలిక.
ఆయన వాటాకు కొండమీది ప్రసంగం వచ్చింది మరి.

రాత్రిళ్లు కిటికీకి కంబళి కట్టి చదివేది.
మూత్రపిండాల మీది కొవ్వు. గువ్వపిల్లలు రెండు.
తూమెడు గోధుమపిండిలో పదోవంతు.
పిండి అన్న చోట మా అమ్మ, అప్పటికి ఏడేళ్లది,
గుటక మింగేదట.
మా బరాకు గోడల నిండా బూజే.
పిలుద్దామంటే యాజకుడు లేడు.

సెప్టెంబరులో ఆమె వేలు ఒక చోట ఆగింది.
చేను అంచుల దాకా కోసుకోవద్దని,
పేదకూ పరదేశికీ కొంత వదలమని.
దీపం ఆర్పి పడుకుంది.
మళ్లీ లేచి వెలిగించింది.
ఇంకా అక్కడే ఉంది.

మాకున్నది గని వెనక పదకొండు సాళ్ల బంగాళాదుంప.
ముందున్నది ఏడు నెలల చలి.
వేళ్ల మీద రెండుసార్లు లెక్క వేసుకుంది,
రెండుసార్లూ చాలలేదు.
పదో సాలు తవ్వి పార భుజాన వేసుకుంది.

"పేదలం మనమే కదా,
వోల్గా ఒడ్డున రైలెక్కించి ఇక్కడ దింపిన
పరదేశులం మనమే కదా" అంది అమ్మ.
అమ్మమ్మ దగ్గర జవాబు లేదు.
గోనె మూతి కట్టింది.

మూడో రాత్రి చేలో తవ్వుతున్న చప్పుడు.
వెన్నెల్లో పోల్చుకుంది: పెలగేయ.
కమాండెంటు ఆఫీసులో గుమాస్తా తెరెంత్యెవ్ పెళ్లాం.
మా తాత గెర్హార్ట్ పేరును
నీలి సిరాతో జాబితాకెక్కించిన చెయ్యి అతనిది.
అతనూ తర్వాత మరేదో జాబితాలో మాయమయ్యాడు.
పిల్లలు ముగ్గురు.

అమ్మమ్మ గుమ్మంలో నిలబడింది,
చేతిలో పారతో.
ఈ సంగతిలో ఆమె ఎన్నడూ అబద్ధమాడలేదు.
"నెత్తిన ఒక్కటి వెయ్యాలనిపించింది.
ఆ సాలు నాది కాదని గుర్తొచ్చింది, అంతే."
క్షమించావా అని అడిగితే
"క్షమాపణ వేరేవాళ్ల కట్టలో ఉంది,
నా కట్టలో సాలు వదలమని మాత్రమే ఉంది" అనేది.

మార్చిలో దుంపలు అయిపోయాయి.
పెలగేయ వచ్చి కాళ్ల మీద పడలేదు,
ఒక్క తొక్క కూడా తెచ్చివ్వలేదు.
పక్క బరాకు కజాకు ముసలామె కుల్యాష్
ఎండు పెరుగు ఉండలు గుమ్మంలో పెట్టి పోయేది.
ఆమె ఏ కట్టా చదవలేదు.
దీన్ని ఎక్కడ కలిపి కుట్టాలో
నాకిప్పటికీ తెలియదు.

యాభై ఏళ్లకు కట్టలన్నీ పోగు చేశారు.
పంతొమ్మిదే దొరికాయి.
కొత్త అట్ట వేసిన ఆ పుస్తకం మీద చెయ్యి వేసి
మా కుర్ర బోధకుడు దాని అధికారం గురించి గొంతు పెంచుతాడు.
వెనక బల్ల మీద కాలేజీ పిల్లలు అడుగుతారు:
ఎవరిచ్చారు? ఏ సభ? ఎవరి చేతిరాత?
మంచి ప్రశ్నలు. వాళ్లను కసరొద్దంటాను.
నేను చూపగలిగింది ఒక్క పుట,
అంచున మట్టి బొటనవేలి ముద్ర.

ఈ ఏడు నా పెరట్లో ఎనిమిది సాళ్లు వేశాను.
ఆకలి లేదు, పింఛను వస్తుంది,
దుంపలు బజారులో కారుచౌక.
అయినా ఏడోది ముగించి నడుం ఎత్తేసరికి
చేతిలో పార
ఇంకా బేరమాడుతూనే ఉంటుంది.